పీపా బీరు, చిన్నాయన మొదటి గుక్క

మొన్నామధ్య ఒక మధ్యాహ్నం సీబ్‌లోని మా హోటల్ బార్‌కి ఒక ముసలి ఇంగ్లీషాయన వచ్చి, మస్కట్‌లో ఎక్కని బార్ మెట్టు లేదనీ, ఎక్కడా పీపా బీరు దొరకలేదనీ, ఇక్కడ ఒకప్పుడు పోసేవారని ఎవరో చెబితే ఆశగా వచ్చాననీ అన్నాడు. కౌంటర్లో ఉన్న మలయాళీ బార్‌మన్ ఆ మాటే ఎప్పుడూ విననట్టు నా వైపు చూశాడు. అది ఆగిపోయి చాలా ఏళ్ళయిందని చెప్పి మామూలు గ్యాసు బీరే పోసి ఇచ్చాను గానీ, ఇక ఆ పూటంతా మా చిన్నాయన నా కళ్ళలో మెదులుతూనే ఉన్నాడు. గల్ఫులో జుట్టు నెరిసిన నా ఈడువాళ్ళతో చెప్పుకుంటే తప్ప ఈ బరువు దిగేలా లేదు.

చిన్నాయన మా బాపుకు సొంత తమ్ముడు. జగిత్యాల పక్క పల్లెలో మాది తాటిచెట్లు ఎక్కి కల్లు గీసే ఇల్లు. బాపు ఆ చెట్లనే నమ్ముకుని ఉండిపోతే, చిన్నాయన మాత్రం ఏజెంటును పట్టుకుని ఒమాన్ చేరి, మొదట సైట్‌లో ఇటుకలు మోసి, తర్వాత ఈ హోటల్లో గ్లాసులు కడిగే పనిలో కుదిరి, కుదిరిన కొన్నాళ్ళకే నన్నూ ఇదే బార్‌లో పనికి పిలిపించుకున్నాడు. అల్ హైల్‌లో ఒకే రూమ్ మాది. హోటల్ లాండ్రీలో పనిచేసే కడప భాయ్ మూడో మనిషి. వంట చిన్నాయనది, అంట్లు నావి, గొణుగుడు భాయ్‌ది.

అప్పటి మేనేజరు ఇంగ్లండు మనిషి. సొంతూరి బీరు మీద బెంగతో ఆయన విమానంలో పీపాలు తెప్పించేవాడు. ఆ బీరు సంగతి మీలో ఎందరికి తెలుసో గాని, అది పీపాలో ఇంకా పులుస్తూనే ఉంటుంది. కుదిపితే మడ్డి లేస్తుంది, అందుకని చల్లటి గదిలో కదలకుండా పడుకోబెట్టి, పైన బెజ్జానికి చెక్క బిరడా పెట్టి, లోపలి గాలిని మెల్లగా వదలాలి, తెరిచాక నాలుగు రోజులు దాటితే పులుపెక్కిపోతుంది. ఈ మాటలన్నీ దొర చేతులు తిప్పుతూ చెబుతుంటే చిన్నాయన మొహం వెలిగిపోయింది. ఓరి, ఇది మన కల్లేరా, రంగు మారిందంతే అన్నాడు నాతో. ఆ రోజు నుంచి పీపాల గది ఆయనదే.

మా గీసేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. మండువలో, అంటే కల్లు పోసే చోట, కూర్చున్నవాళ్ళకు పోసే ముందు, గీసినవాడు వాళ్ళ కళ్ళెదుటే ఒక గుక్క తాను తాగుతాడు. అందులో మత్తుమందు కలపలేదనీ, ఏమైనా అయితే ముందు తనకే అవుతుందనీ దాని అర్థం. "గీసినోడు ముందుగాల తాగి సూపియ్యాలెరా, అట్లయితెనే తాగెటోనికి ధైర్నం" అనేవాడు చిన్నాయన, నా చిన్నప్పుడు మండువలోనూ, ఇక్కడ బార్‌లోనూ. సొంతంగా ఒక స్టీలు గ్లాసు పెట్టుకుని, ప్రతి పీపా తెరిచినప్పుడు గిరాకీల ముందు ఒక గుక్క తాగి, తల ఊపి, అప్పుడు పోసేవాడు. దొరకు అది మహా ముచ్చట.

దొర వెళ్ళిపోయాడు. కొత్త మేనేజరుకు డ్యూటీలో తాగడం ఒక్కటే కనిపించింది. తప్పు అనను, రూలు రూలే. బార్‌లో పనిచేసేవాడు పెదవి తడిపితే కంపెనీ ఊరుకోదు. అయినా ఆయన వెంటనే ఇంటికి పంపలేదు, పిలిచి, ఇంకోసారి చూస్తే వీసా క్యాన్సిల్ అని చెప్పాడు. చిన్నాయన సరేనన్నాడు. ఇంటి దగ్గర చిన్నమ్మకు కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు కరీంనగర్ తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించాలి. ఈ ఉద్యోగం పోతే ఆమె వైద్యం పోతుంది, అది మా ముగ్గురికీ తెలుసు. "అబ్బా, ఒక్క గుక్క ఇడ్సిపెడితే ఏం పోతాదన్నా నీకు" అని భాయ్ రూమ్‌లో చేతులు పట్టుకుని బతిమాలాడు. "నోరు తడపకుంట ఒకలకు పోస్తె, ఇసం పోసినట్టె అనిపిస్తది" అన్నాడు చిన్నాయన.

అయినా కొన్ని పీపాలు నోరు తడపకుండానే పోశాడు. స్టీలు గ్లాసును మాత్రం రోజూ కడిగి కౌంటర్ కింద బోర్లించేవాడు, నేను చూశాను. తర్వాత ఒక సాయంత్రం ఒక ఇంగ్లీషు కుటుంబం పెళ్ళిరోజు విందు పెట్టుకుంది. కొత్త పీపా తెరిచారు, మేనేజరు పక్కనే నిలబడి ఉన్నాడు. పెద్దాయన గ్లాసు చాచాడు. చిన్నాయన అటూ ఇటూ చూసి, స్టీలు గ్లాసు తీసి ఒక గుక్క తాగి, తల ఊపి, అప్పుడు ఆయనకు పోశాడు. బీరు బంగారంలా ఉంది, ఏ దోషమూ లేదు. అయ్యో మనిషీ, ఆ ఒక్క గుక్క ఆపుకోలేకపోయావా అని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది!

వారం తిరక్కుండా పంపేశారు. ఊళ్ళో ఆయనకు తెలిసిన పని మరొకటి లేదు. చిన్నమ్మ ఆసుపత్రి ఆగకూడదని, ఇన్నేళ్ళు చదును నేల మీద నడిచిన కాళ్ళతో, నడుముకు మోకు కట్టుకుని మళ్ళీ తాటిచెట్టు ఎక్కాడు. బాపు వద్దన్నాడట. ఆ ఎండాకాలం దాటలేదు. ఫోన్ వచ్చేసరికి నేను డ్యూటీలో ఉన్నాను. చెట్టు మీద నుంచి జారాడు, పోయాడు అని బాపు అన్నది అంతే. గిరాకీ ఎదురుచూస్తుంటే ఆ గ్లాసు నింపి ఇచ్చి, వెనక గదిలోకి వెళ్ళి ఏడ్చాను. చిన్నమ్మ మరుసటి ఏడు పోయింది.

ఇప్పుడు బీరు ఎక్కడో నిండి, సీలు పడి, గొట్టంలోంచి వస్తుంది. నేను మీట లాగుతాను, నురగ గీస్తాను, నవ్వుతాను. మా ఊళ్ళోనూ మండువ పోయి సీసాలు వచ్చాయట. పోసే మనిషి మొహం చూసి తాగే కాలం ఒకటి ఉండేదని చెబితే మలయాళీ బార్‌మన్ నవ్వాడు, నవ్వనీ. ఇన్నేళ్ళుగా ఇన్ని గ్లాసులు పోశాను. నువ్వు ముందు తాగి చూపించు అని నన్ను ఒక్కరూ అడగలేదు.