మూడో లైను దగ్గర దిగిపోయినవాళ్లు

కొత్త ఊళ్లో దారి అడిగిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. చెప్పేవాడు చెయ్యి చాపి, "తిన్నగా వెళ్లి ఎడమకి తిరిగి, గోడౌను దాటాక మళ్లీ కుడికి..." అంటూ పోతాడు. వినేవాడు మొదటి మలుపు దాకా మనసులోనే వెంట వెళ్తాడు, రెండో మలుపులో తప్పిపోతాడు. అయినా చివరిదాకా తలూపి, నాలుగడుగులు వేసి ఇంకొకణ్ని అడుగుతాడు. భూమ్మీద ఏ మూలకి వెళ్లినా మనిషి ఇంతే. ఎందుకింతే అన్న ప్రశ్న మాత్రం లెక్కల మేడమ్‌ని పట్టుకున్నంత గట్టిగా ఎవర్నీ పట్టుకోలేదు.

ఆవిడ పాఠం చెప్పేది పొలాల మధ్య ఉన్న చిన్న కాలేజీలో, రేకుల షెడ్డు కింద. దాన్ని పునాది తరగతి అంటారు. బడి సగంలో మానేసినవాళ్లు, లెక్కలంటే చెమటలు పట్టేవాళ్లు అసలు కోర్సులో చేరే ముందు అక్కడ ఏడాది కూర్చోవాలి. పరీక్ష రెండుసార్లు తప్పితే సీటు పోయినట్టే. ఆ ఏడాది గదిలో ఉన్నవాళ్లలో చాలామంది అప్పటికే ఒకసారి తప్పి ఉన్నారు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎందుకమ్మా?" అనేవాడు ఫిజిక్స్ మాస్టారు.

"చెవిటివాళ్లయితే అంత గట్టిగా జవాబెలా చెప్తారు మాస్టారూ?"

ఆవిడకి అంతుపట్టనిది అదే. "అర్థమైందా?" అని అడగ్గానే రేకులు అదిరేలా "అర్థమైంది మేడమ్!" అంటారు. పేపరు దిద్దితే ఒక్క ముక్క అర్థమైన జాడ ఉండదు. ఒకరోజు మొహం మామూలుగానే పెట్టుకుని, "త్రిభుజానికి నాలుగు భుజాలు. అర్థమైందా?" అని చూసింది.

"అర్థమైంది మేడమ్!"

కోపం రావాల్సింది. కుతూహలం వచ్చింది.

ఆ వారమే ఇంట్లో ఇన్వర్టర్ చెడిపోయింది. బాగుచేయడానికి వచ్చినతను ఈ స్విచ్చు ఇలా, ఆ వైరు అలా అని గుక్క తిప్పుకోకుండా చెప్పి, "అర్థమైందామ్మా?" అన్నాడు. "అర్థమైంది బాబూ," అని తలుపు గడియ పెట్టింది.

"ఏం చెప్పాడే?" అని అడిగింది అత్తగారు.

"ఏమో అత్తయ్యా."

"మరి అర్థమైందన్నావు?"

మేడమ్ గడియ మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయింది. నిజమే, ఎందుకన్నట్టు?

మర్నాడు ఆవిడ బోర్డు వైపు తిరిగి, వీపుతో విన్నది. కోరస్ ఒకే గొంతు కాదు. ముందు ఒక బొంగురు గొంతు అందుకుంటోంది. మిగతావన్నీ దాని మీద ఎక్కుతున్నాయి. అది కిటికీ పక్క బెంచీ నుంచి వస్తోంది. అక్కడ కూర్చునేది బాబాయ్.

బాబాయ్‌కి నలభై దాటాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి సగం తరగతిని తన వ్యాన్‌లో తీసుకొచ్చి, తానూ వాళ్లతోపాటే కూర్చుంటాడు. డ్రైవింగ్‌తో నడుం మొరాయించింది. మోటారు మెకానిక్ కోర్సు చేసి ఏదైనా వర్క్‌షాపులో నిలదొక్కుకోవాలని ఆశ. కిందటేడు తప్పాడు.

సాయంత్రం అతను వ్యాన్ అద్దం తుడుస్తుంటే మేడమ్ వెళ్లి పక్కన నిలబడింది.

"అందరికంటే ముందు అర్థమైందనేది మీరే కదూ?"

"నేనే మేడమ్."

"మీకు అర్థమవుతోందా?"

"లేదు మేడమ్."

"మరి?"

అతను గుడ్డ దులిపాడు. "కాలేదంటే మీరేం చేస్తారు? విసుక్కోరు, మంచివారు. మళ్లీ మొదట్నుంచి చెప్తారు. అవే మాటలు, కాస్త గట్టిగా." వ్యాన్ లోపల పిల్లలు కిసుక్కుమన్నారు. "మొదటిసారి అర్థం కాకపోతే పాఠం కష్టమన్నట్టు. రెండోసారీ కాకపోతే వాడు మొద్దన్నట్టు, అందరి ముందూ. అంతదాకా ఎందుకని, అర్థమైందనేసి నేనే గేటేసేస్తా."

"ఆ గేటు లోపల మీరూ ఇరుక్కున్నారుగా! ఈసారి తప్పితే?"

"స్టీరింగే గతి. నడుం ఒప్పుకోదు."

"అసలెక్కడ తప్పిపోతున్నారు?"

"లెక్కలో రెండు లైన్ల దాకా బానే వస్తా మేడమ్. మూడో లైను దగ్గర దిగిపోతా. బండి వెళ్లిపోతుంది."

మేడమ్‌కి ఆ మాట భలే నచ్చింది. "రేపు క్లాసులో ఇదే అనగలరా?"

"వీళ్లంతా నన్ను బాబాయ్ అంటారు మేడమ్..." అని నసిగాడు.

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. మొదట్నుంచి చెప్పను, ఒట్టు."

మర్నాడు ఆవిడ ఒక లెక్క వేసి, "ఎవరెక్కడ దిగారు?" అంది. కిటికీ పక్క బెంచీ నుంచి బొంగురు దగ్గు వినిపించింది.

"మూడో లైన్లో దిగిపోయా మేడమ్. సమం గుర్తు దాటగానే ఆ మైనస్ అయిదు ప్లస్ ఎలా అయింది? గేటు దాటితే నా వ్యాన్ రంగు మారదు గదా?"

నవ్వులు సద్దుమణిగాక, ఇన్నాళ్లుగా నోరు విప్పని ముందు బెంచీ అమ్మాయి అంది: "నేనూ అక్కడే దిగా బాబాయ్."

తరవాత ఇంకొకరు, ఆపైన ఇంకొకరు. సగం తరగతి ఒకే స్టాపులో నిలబడి ఉంది.

మేడమ్ సుద్దముక్క పట్టుకుని ఆలోచించింది. "అటు వెళ్తే గుర్తు మారుతుంది, అంతే" అని ఇన్నాళ్లూ చెప్పింది. నిజానికి ఏది ఎక్కడికి వెళ్తోంది? "ఏదీ దాటడం లేదు," అంది నెమ్మదిగా. "ఇటు అయిదు తక్కువుంది, కలిపి పూడ్చాం. రెండు పక్కలూ సమానంగా ఉండాలి కాబట్టి అటూ అయిదు కలిపాం."

"ఓస్, ఇంతేనా! మరి దాటిందని ఎందుకన్నారు?" అన్నాడు బాబాయ్.

"నాకూ అలాగే చెప్పారు. నేనూ అర్థమైందన్నాను."

అప్పట్నుంచి పాఠం నత్తనడక పట్టింది. "సిలబస్ తేలదు, నీ బండి ప్రతి చెట్టు దగ్గరా ఆగుతోంది," అన్నాడు ఫిజిక్స్ మాస్టారు. నిజంగానే తేలలేదు. చివరి అధ్యాయాలు మిగిలిపోయాయి, మేడమ్‌కి నిద్ర పట్టలేదు. పరీక్షలో చాలామంది గట్టెక్కారు. కొందరు ఎక్కలేదు. వాళ్లెక్కడ దిగారో ఆవిడకి చివరిదాకా దొరకలేదు, ఇప్పటికీ వెతుకుతూనే ఉంది. బాబాయ్ మాత్రం పాస్ మార్కుల గీత మీద కాలు పెట్టి అవతలికి పడ్డాడు.

అసలు కోర్సు మొదలైన వారంలో ఫిజిక్స్ మాస్టారు చేతులకి సుద్దపొడితో స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చాడు.

"ఏమమ్మా, ఈ దిగడమేంటి? అర్థమైందా అంటే మీ బాబాయ్ లేచి, మూడో లైను దాకా వచ్చాం సార్, అక్కడ దిగిపోయాం అంటాడు! సరే, చెప్దామని చూస్తే..." గొంతు తగ్గించాడు. "ఆ లైను అలా ఎందుకొస్తుందో నాకూ ఎప్పుడూ..."

మేడమ్ పక్క కుర్చీ జరిపింది.

"కూర్చోండి మాస్టారూ. మీరెక్కడ దిగారు?"