మాస్ట్ పక్కన రొయ్యల చెరువు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, అక్టోబరు నెల. నరసాపురానికి కొంచెం ఇవతల, పొలాల మధ్య ఉన్న ఒక ఎఫ్.ఎం. రేడియో మాస్ట్ తనిఖీకి వెళ్ళాను. ఎత్తయిన కట్టడాలు నిటారుగా ఉన్నాయో లేదో చూడటం నా ఉద్యోగం. నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. మా పై అధికారులు కింద ఏసీ గదిలో కూర్చుంటారు, కింది ఉద్యోగులం పైన వేలాడతాం.

దేశంలో అన్నిటికన్నా ఎత్తయినది ఏదని చాలామంది నన్ను అడుగుతుంటారు, ఏదో భవనం పేరు చెబుతానని. తమిళనాడు దక్షిణపు కొసన ఉన్న రేడియో మాస్ట్‌లని చెబితే కాస్త నిరాశపడతారు. థర్మల్ కేంద్రాల చిమ్నీలు కూడా వాటి ముందు పొట్టివే. చిమ్నీ తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. మాస్ట్‌కు ఆ గొప్ప లేదు. అదొక సన్నటి ఇనుప స్తంభం. మూడు దిక్కుల నుంచి గై వైర్లు, అంటే ఉక్కు తీగలు, లాగి పట్టుకుంటేనే నిలుస్తుంది. ఆ తీగల రెండో కొసను దూరంగా పొలంలో పాతిన కాంక్రీటు దిమ్మకు బిగిస్తారు. దాన్ని యాంకర్ బ్లాక్ అంటాం.

ఆ రోజు థియోడొలైట్‌లో, అంటే కోణాలు కొలిచే దుర్భిణిలో, చూస్తే మాస్ట్ తల తూర్పుకు వాలి ఉంది. మామూలు కంటికి తెలిసేటంత కాదు. కానీ తూర్పున ఒక కాలనీ ఉంది. పడమటి తీగకు బిగువు కొలిచే మీటరు పెట్టాం. తీగలో టెన్షన్ తగ్గింది, నాలో పెరిగింది.

మాస్ట్ ఎక్కి దిగిన రిగ్గర్ నూకరాజు చేతులు తుడుచుకుంటూ, "పైన అన్నీ బానే ఉన్నాయండి. తేడా ఏదో కిందే ఉంది" అన్నాడు.

పడమటి దిమ్మ దగ్గరికి నడిచాం. అంతకుముందు వరి ఉండే చోట రొయ్యల చెరువు ఉంది. దిమ్మకు మాస్ట్ వైపున సన్నటి గట్టు వదిలి తవ్వేశారు. కొంగలు వాలకుండా చెరువు మీద అడ్డంగా నైలాన్ తాళ్ళు కట్టారు. వాటి కొసలు మా గై వైరుకే ముడివేసి ఉన్నాయి.

చెరువు సత్యవతి గారిది. భర్త పోయాక ఉన్న ఒక్క ఎకరంలో వరి మానేసి మొదటిసారి రొయ్య వేశారు. ఇంటికి అదే ఆధారం. మమ్మల్ని చూసి ఆవిడ గట్టు మీదికి వచ్చారు.

"మా తీగకి తాళ్ళు కట్టారేంటండి?" అన్నాను.

"గట్టిగా ఉందని కట్టానండి. జిల్లా మొత్తానికి పాటలు మోసేది, నాలుగు తాళ్ళు మొయ్యలేదా?"

"దిమ్మ పక్కనే తవ్వేశారు కదండీ."

"దిమ్మని గోరంత కూడా గోకలేదండి. చూసుకోండి. మీ బోర్డు మీద మాస్ట్ ఎక్కరాదని రాశారు, ఎక్కలేదు. తవ్వరాదని ఎక్కడుందండి?"

ఎక్కడా లేదు. దిమ్మ బరువే తీగను ఆపుతుందని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. తీగ దిమ్మను మాస్ట్ వైపు లాగుతుంటే, ముందున్న మట్టి అడ్డుపడి ఆపుతుంది. ఆవిడ తవ్వించింది సరిగ్గా ఆ మట్టినే.

మేనేజరుకు ఫోన్ చేశాను. సముద్రంలో అల్పపీడనం ఉందని ఆయన అప్పటికే కంగారుగా ఉన్నారు. "ఇవాళే చెరువు తోడించెయ్యండి. రేపు మట్టి నింపుదాం" అన్నారు.

స్పీకరులో ఆ మాట సత్యవతి గారూ విన్నారు. "ఇంకా కౌంట్‌కి రాలేదండి" అన్నారు మెల్లగా. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. "రొయ్య పట్టుబడికి మూడు వారాలుంది. ఇప్పుడు తోడితే నా ఏడాది పోయినట్టేనండి."

తూర్పున కాలనీ, పడమట ఈవిడ. తాళ్ళ వంక చూశాను. వాటికి ముడి మీద ముడి ఉంది.

"వీటికిన్ని ముళ్ళేంటండి?"

"అదో చిరాకండి. నీళ్ళు మార్చడానికి చెరువు సగం తోడతామా, ఆ రోజు ఇవి వేలాడిపోతాయి. మళ్ళీ లాగి కడతాను. తర్వాత బానే ఉంటాయి."

"తోడినప్పుడేనా?"

"ఆయ్. తోడిన రెండుసార్లూను."

అప్పుడు నాకు వెలిగింది. మట్టి పోయిన చోట నీళ్ళే గట్టును నెట్టి పట్టుకుంటున్నాయి. నీరు దించినప్పుడల్లా నానిన గట్టు బలం తప్పి, దిమ్మ కాస్త ముందుకు జరుగుతోంది. దాంతో పాటు తీగ, తాళ్ళు వదులవుతున్నాయి. సగం తోడితేనే ఇలా ఉంటే, మొత్తం తోడితే?

మళ్ళీ ఫోన్ చేసి, నీళ్ళు తియ్యకూడదన్నాను.

"మీరు మాస్ట్ పక్షమా, రొయ్యల పక్షమా?" అన్నారు మేనేజరు.

"ఈసారికి రెండూ ఒకే పక్షమండి."

కారణం చెప్పాక ఒప్పుకున్నారు. దిమ్మ వెనక చేలో బరువైన కాంక్రీటు దిమ్మెలు పేర్చి, ఇంకో తీగతో యాంకర్ దిమ్మను వాటికి కట్టి వెనక్కి పట్టాం. చెరువులో మట్టి పోస్తే నీళ్ళు బురదై రొయ్య చచ్చిపోతుంది కాబట్టి, కడిగిన ఇసుక బస్తాలు ఒక్కొక్కటే నిండు నీళ్ళలోకి దింపాం. నేనూ ప్యాంటు మడిచాను. సత్యవతి గారు అప్పటికే నీళ్ళలో ఉన్నారు.

"మీరు గట్టు మీదే ఉండండి ఇంజినీరు గారూ. ఈ లోతుకి మీరు చాలరు."

నూకరాజు బస్తా వదిలేసి నవ్వాడు.

ఆ వారం గాలి బాగానే వీచింది. రోజూ పొద్దున్నే థియోడొలైట్ పెట్టి చూశాను. మాస్ట్ తల ఉన్నచోటే ఉంది. మూడు వారాల తర్వాత చెరువు తోడకుండానే వలలు లాగి పట్టుబడి చేశారు. ఆ తర్వాతే దిమ్మ పక్కనున్న ఆ మూలను శాశ్వతంగా పూడ్చి, తీగ బిగించి మాస్ట్‌ను నిటారుగా తెచ్చాం. కౌంట్ ఎంతొచ్చిందని అడిగితే, "పర్లేదండి, మళ్ళీ రొయ్య పిల్ల వేస్తాను. ఈసారి ఎక్కడిదాకా తవ్వాలో మీరే గీత గీయండి" అన్నారు.

గీశాను. ఆ తర్వాత నా పని తీరు కూడా మారింది. ఏ మాస్ట్‌కు వెళ్ళినా ముందు చుట్టూ ఉన్న చేలవాళ్ళను పలకరిస్తాను. ఏం వేస్తున్నారు, ఎక్కడన్నా తవ్వుతున్నారా అని అడుగుతాను. భూముల బ్రోకరుననుకుని ఒకాయన ఎకరం ధర కూడా చెప్పాడు. మాస్ట్ ఎంత ఎత్తో ఆఫీసులోని డ్రాయింగే చెబుతుంది. అది నిలబడేది మాత్రం ఎవరో ఒకరి చేలో. ఆ మనిషితో మాట్లాడాకే దుర్భిణి బయటికి తీస్తున్నాను.