నిమ్మకాయ కోసం తీసిన రాయి

తొంభైల చివరి మాట. చిల్లకల్లు నుంచి నందిగామకు రోజూ కూరగాయలు వేసుకెళ్లడానికి తుప్పు పట్టిన పికప్ వ్యాన్ కొన్నాం. నాన్నా నేనూ మూడు నెలలు కష్టపడి బాగుచేశాం. హ్యాండ్ బ్రేకు ఒక్కటే బాగుచేయాల్సి మిగిలింది. అందాకా చక్రం కింద రాయి పెట్టేవాళ్లం.

పూజ రోజు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాలని ఆ రాయి నేనే తీసేశాను. వాకిలి వాలు. నిమ్మకాయ ఆపుతుందా బండిని! బండి కిందికి దొర్లి, ముందు వంగి కొబ్బరికాయ కొడుతున్న నాన్నను గోడకు అదిమేసింది.

అదే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, మూలుగుతూనే "బాగా లాగుతోందిరా బండి" అన్నారు. అవే ఆయన ఆఖరి మాటలు.

తర్వాత పదేళ్లు ఆ బండే మాకు అన్నం పెట్టింది. హ్యాండ్ బ్రేకు వేయించాను. అయినా ఆపిన ప్రతిచోటా దిగి రాయి పెట్టేవాణ్ణి.