ఇల్లు కాటా ఎక్కిన రోజు

సంవత్సరం మారగానే కంప్యూటర్లన్నీ తికమకపడి ప్రపంచం ఆగిపోతుందని అందరూ బెదిరిపోతున్న రోజులవి. ఆ ప్రపంచాన్ని ఆగకుండా చూసే బాధ్యత తన ఒక్కడి మీదే పడినట్టు మా ఆయన పాయా లేబర్‌లోని ఆఫీసుకు చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవారు. పెళ్ళయి సింగపూర్ వచ్చిన కొత్తలో నేను ఆయన్ని అడిగింది ఒక్కటే. ఒక్క ఉదయం ఇద్దరం కలిసి సముద్రం ఒడ్డున నిద్ర లేవాలి. చుట్టూ సముద్రమే ఉన్న ఊళ్ళో ఇదేమంత గొంతెమ్మ కోరిక కాదు. అయినా మేం బయల్దేరిన ప్రతిసారీ ఆఫీసులో ఏదో ఒక సర్వర్ పడుకునేది, ఈయన లేచి పరిగెత్తేవారు.

ఒకనాడు ఆయనే వచ్చి, సోమవారం నుంచి కొత్త ప్రాజెక్టు మొదలవుతుందని, ఇక ఏడాదిపాటు ఆదివారాలు కూడా ఉండవని చెప్పారు. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగా సర్దాను. ఆ భాష ఆయనకు బాగానే తెలుసు.

మర్నాటికల్లా ఏర్పాట్లు మొదలయ్యాయి. వుడ్‌ల్యాండ్స్‌లో మా ఫ్లాట్ నుంచి వంతెన దాటితే మలేషియాలోని జొహోర్. అక్కడ ఒక తమిళ అంకుల్ పాత పికప్ బండిని, దాని వెనక తగిలించుకునే క్యాంపింగ్ ట్రెయిలర్‌ని అద్దెకిస్తాడట. ట్రెయిలర్ అంటే చక్రాలున్న బుల్లి ఇల్లు. రెండు మంచాలు, ఒక పొయ్యి ఉంటాయి. తోడుకి మా తమ్ముడు వస్తానన్నాడు. వాడూ సింగపూర్‌లోనే, వాడూ సాఫ్ట్‌వేరే. పెళ్ళి కాలేదు, ఇడ్లీ ఉందంటే ఎక్కడికైనా వస్తాడు.

పికప్ ఎంత బరువు లాగగలదో ఫోన్లో కనుక్కుని, అందులోంచి ట్రెయిలర్ ఖాళీ బరువు తీసేసి, "నూట ఇరవై కిలోలు మనవి" అని ప్రకటించారు మా ఆయన. ఊరికి వెళ్ళేటప్పుడు విమానం వాళ్ళు మనిషికి ఇరవై కిలోలు ఇచ్చి ఏడిపిస్తారు. నూట ఇరవై అంటే నాకు రాజ్యం రాసిచ్చినట్టే. బియ్యం బస్తా, మినప్పప్పు, రెండు కుక్కర్లు, ఆవకాయ, గోంగూర, మాగాయ జాడీలు, చివరికి గ్రైండర్ కూడా హాల్లోకి తెచ్చి పెట్టాను.

"గ్రైండర్ ఎందుకే?" అన్నారు.

"చక్రాల ఇల్లన్నారుగా. ఇంట్లో ప్లగ్గు ఉండదా ఏంటి?"

మా బాత్రూములో బరువు చూసుకునే మిషను ఒకటి ఉండేది. ఏ తెలుగువాళ్ళ ఇంట్లోనైనా దాని మీద మనుషులు ఊరికే ఎక్కరు. సూట్‌కేసు ఎత్తుకుని ఎక్కుతారు, తర్వాత తమ బరువు తీసేసుకుంటారు. మా ఆయన అలాగే ముందు గ్రైండర్‌ని ఎత్తుకుని ఎక్కారు. నడుం పట్టేసింది. మిగతావన్నీ కుర్చీలో కూర్చుని చూపుతోనే తూచారు.

శనివారం జొహోర్ చేరి, సామానంతా ట్రెయిలర్‌లోకి ఎక్కించాం. అంకుల్ షెడ్డు పక్కనే పాత ఇనుము కొట్టు, అందులో లారీలు తూచే కాటా ఉన్నాయి. తూచకుండా బండి కదలనివ్వనన్నాడు అంకుల్. ట్రెయిలర్‌ని కాటా రేకు మీదికి ఎక్కిస్తే పికప్ లాగగలిగే దానికంటే డెబ్బై కిలోలు ఎక్కువ చూపించింది.

ఎయిర్‌పోర్టు కౌంటర్లో సూట్‌కేసు కిందికి మెల్లగా బొటనవేలు పోనిచ్చి పైకి లేపే అలవాటు మావాళ్ళకు రక్తంలోనే ఉంది. మా ఆయన, తమ్ముడు ఒకరినొకరు చూసుకుని, ఏమీ ఎరగనట్టు వెళ్ళి ట్రెయిలర్ చెరో మూలా పట్టుకుని పైకి లేపారు. అంకె తగ్గలేదు సరికదా, ఇంకా పైకి ఎగబాకింది.

"ఇంకొంచెం లేపండి బావా," అంటున్నాడు తమ్ముడు, మెడ నరాలు ఉబ్బిపోతుంటే.

ఇద్దరూ నిలబడింది కూడా ఆ రేకు మీదే. ఆ సంగతి తెలిశాక, మా ఆయన్ని తీసేసి లెక్కేస్తే, తమ్ముడి అసలు బరువు కూడా బయటపడింది. సంబంధాలవాళ్ళకు మేం చెప్పిన అంకె వేరు.

ఇక నేనే రంగంలోకి దిగాను. ఎక్కువైన సామాను హ్యాండ్ బ్యాగేజీ చేసేస్తే సరిపోతుంది కదా. బియ్యం బస్తా పికప్‌లో తమ్ముడి ఒళ్ళోకి, గ్రైండర్ నా కాళ్ళ దగ్గరికి, కుక్కర్లు సీటు కిందికి వచ్చాయి. మా ఆయన ఆ ఎండలో జాకెట్ తొడుక్కుని ఆవకాయ జాడీని కడుపు దగ్గర దాచుకున్నారు. ట్రెయిలర్ లెక్క సరిపోయింది. కానీ అంకుల్ ఈసారి పికప్‌ని, ట్రెయిలర్‌ని మాతో సహా కాటా ఎక్కించాడు. రెండూ కలిసి ఇంతే ఉండాలని ఇంకో హద్దు ఉందట. ఆ డెబ్బై కిలోలూ ఎక్కడికీ పోలేదు. బండి తోక కుంగిపోయి, ముందు దీపాలు కొబ్బరిచెట్ల మట్టల్ని చూస్తున్నాయి.

"అంకుల్, ఇవి ఒళ్ళో ఉన్నాయి కదా," అన్నాను.

"ఇది ప్లేన్ ఇల్లమ్మా, క్యానాట్ లా," అని నవ్వాడు. ఇది విమానం కాదు, కుదరదని తమిళం కలిపి చెప్పడమన్నమాట.

ఏదో ఒకటి దింపాలి. మా ఆయన గ్రైండర్‌ని చూశారు. నేను తమ్ముణ్ణి చూశాను. తమ్ముడు వంతెన వైపు చూశాడు. మా ఆయన జాడీతో సహా నేల మీద చతికిలబడి, బియ్యం సగం తీస్తే ఎంత, మంచాలు విప్పేస్తే ఎంత అని మొదలుపెట్టారు. సర్వర్ పడుకున్నప్పుడు ఆయన మొహం సరిగ్గా అలాగే ఉంటుంది. ఇక ఈ రోజుకి ఈ మనిషి లేవరని తెలిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

"ట్రెయిలర్ విప్పేయండి," అన్నాను.

"ఇల్లు లేకుండా ఎక్కడ పడుకుంటామే?"

"ఇల్లు మనకి వుడ్‌ల్యాండ్స్‌లో ఉందండీ. నేనడిగింది సముద్రం."

ఆయన నా మొహం చూసి, లెక్కలు ఆపి ట్రెయిలర్ విప్పేశారు. ప్లగ్గు లేదు కాబట్టి గ్రైండర్‌ని అంకుల్ దగ్గరే వదిలేశాం. మలేషియా తూర్పు తీరానికి చేరేసరికి చీకటి పడింది. పెరుగన్నంలో ఆవకాయ కలుపుకు తిని, తమ్ముడు వెనక తొట్టిలో, మేమిద్దరం ముందు సీట్లలో సర్దుకున్నాం.

తెల్లవారుజామున అలల చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది. చేతికందేంత దూరంలో సముద్రం ఉంది. పక్కకి తిరిగితే మా ఆయన స్టీరింగ్ మీద చెయ్యి వేసుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఫోను ఒళ్ళో ఉంది, దానికి సిగ్నల్ లేదు. ముందు కోపమే వచ్చింది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనిపించింది.

"బావని లేపనా అక్కా? సూర్యుడొచ్చేస్తున్నాడు," అన్నాడు తమ్ముడు.

ఆయన భుజం మీద చెయ్యి వేయబోయి ఆగాను. పెళ్ళయ్యాక ఆ మనిషి ఉలిక్కిపడకుండా ఇంతసేపు నిద్రపోవడం నేను చూడలేదు.

"వద్దురా," అన్నాను. బండి తలుపు చప్పుడు కాకుండా వేసి, ఇసకలో కూర్చుని, ఆయన వంతు సముద్రం కూడా నేనే చూశాను.