ఊడవని ఇల్లు

మునివెంకటమ్మకు ఇల్లు ఊడవడం బద్ధకమని ఎవరైనా అంటే, అదే చీపురుతో వాళ్ళ నోరు మూయించగల మనిషి ఆమె. అలాంటి మునివెంకటమ్మ ఒక ఇంటిని రెండు నెలలపాటు ఊడవకుండా వదిలేసింది. అదీ తన ఇల్లు కాదు, పనిచేసే ఇల్లు. తమిళనాడు ధర్మపురిలో ఆ వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. సంగతి తెలియాలంటే ముందు ఆ ఇంటివాళ్ళ గురించి చెప్పాలి.

వాళ్ళు న్యూజిలాండ్ దేశస్థులు. ఆండ్రూ మిషన్ ఆసుపత్రిలో, కాళ్ళు పోయినవాళ్ళకు పెట్టుడు కాళ్ళు తయారుచేస్తాడు. అతని భార్య రెబెక్కా కొండపల్లెల ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పుతుంది, ఆదివారం పిల్లలకు బైబిలు కథలు చెబుతుంది. వాళ్ళకొక్కతే కూతురు, హన్నా. నాలుగేళ్ళ కిందట వాళ్ళు ఈ ఊరు వచ్చినప్పుడు ఆ పిల్లకు మూడేళ్ళు.

అప్పుడే మునివెంకటమ్మ వాళ్ళింట్లో పనికి చేరింది. ఆమెది అక్కడికి దగ్గర్లోనే, ఇండూరు పక్క పల్లె. ముత్తాతల నాటి నుంచీ ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే అరవం. తెలుగులో ఒక్క అక్షరం రాదు. అరవంలో బస్సు బోర్డులు చదవగలదు. ఇరవై ఏళ్ళు కట్టడాల దగ్గర ఇటుకలు మోసింది. మోకాళ్ళు ఇక మా వల్ల కాదని చెప్పేశాక ఈ వంటింట్లోకి వచ్చింది. రెబెక్కా ఒకసారి ఆమెకు యేసుప్రభువు గురించి గంటసేపు చెప్పింది. మునివెంకటమ్మ శ్రద్ధగా విని, 'మంచి సామే' అని ఒప్పుకుని, ఆ వారమే మారియమ్మకు పొంగలి పెట్టింది. తర్వాత ఆ విషయంలో ఇద్దరూ ఒకరినొకరు ఇబ్బంది పెట్టుకోలేదు.

ఆండ్రూ, రెబెక్కా మేష్టర్ని పెట్టుకుని అరవం నేర్చుకున్నారు. హన్నా మాత్రం మునివెంకటమ్మ కొంగు పట్టుకుని తిరుగుతూ తెలుగు నేర్చుకుంది. నేర్పానని ఈమెకూ తెలియదు, నేర్చుకున్నానని ఆ పిల్లకూ తెలియదు. ఆమెను 'అవ్వా' అని పిలిచేది. ఆ పిలుపు మునివెంకటమ్మకు ఎంత ముద్దో ఆమె ఎవరికీ చెప్పలేదు, కోడలు సరణ్యకు తప్ప.

ఇలా ఉండగా, ఈస్టరు పండగయ్యాక ఆరు నెలలు సొంత దేశం పోయి రావాలని వాళ్ళకు మిషన్ పెద్దల నుంచి కబురొచ్చింది. మునివెంకటమ్మ బుర్ర తిరగడం ఆ రోజే మొదలైంది.

సొంత ఊరికి పోయేవాళ్ళు సంతోషంగా ఉంటారని ఆమె లెక్క. ఇక్కడ చూస్తే ముగ్గురి కాళ్ళకూ చక్రాలు. తాను లేనప్పుడు ఎవరూ కాలు లేకుండా ఉండకూడదని ఆండ్రూ పదకొండు కాళ్ళు ముందేసుకున్నాడు. ఆసుపత్రిలో చోటు చాలక కొందరు ఇంటికే వచ్చేవాళ్ళు. వరండాలో కొత్త కాలు తొడుక్కుని గోడ పట్టుకుని నడిచి చూసేవాళ్ళు. వాళ్ళకు టీలు పెట్టడంతోనే ఈమెకు పూట గడిచిపోయేది. లోపల రెబెక్కా మిషను మీద గుడ్డ సంచులు కుట్టేది. అక్కడి చర్చీల వాళ్ళకు ఇవ్వాలట, నూటయాభై. మధ్యలో ఫోటోలు. ఇక్కడి బతుకు అక్కడివాళ్ళకు చూపించాలని, మునివెంకటమ్మను పక్కింటి పెరట్లోని రోలు దగ్గర కూర్చోబెట్టి చట్నీ రుబ్బించింది. ఇంట్లో మిక్సీ బంగారంలా పనిచేస్తుంటే రోలెందుకో ఆమెకు బొత్తిగా అర్థం కాలేదు. అయినా రుబ్బింది, పనిలో పనిగా ఆ చట్నీ పక్కింటివాళ్ళకే ఇచ్చేసి వచ్చింది.

అసలు తేలనిది ఒక్కటే. వీళ్ళు మళ్ళీ వస్తారా, రారా? ప్రెషర్ కుక్కర్ ఆసుపత్రి నర్సుకు ఇచ్చేశారు, అంటే రారు. కుట్టుమిషనుకు నూనె వేసి, దుప్పటి కప్పి, తాడు కట్టారు, అంటే వస్తారు. హన్నా గౌన్లన్నీ పంచేశారు, రారు. అయినా తిరిగొచ్చేసరికి ఆ పిల్లకు అవి పొట్టివవుతాయి కదా, అయితే వస్తారు. వంటింటి గుమ్మం పక్క గోడమీద ప్రతి పుట్టినరోజుకూ హన్నా ఎత్తు కొలిచి గీసిన పెన్సిలు గీతలు నాలుగున్నాయి. ఆండ్రూ ఒక ఉదయం ఆ గోడకు ఫోటో తీసుకున్నాడు. తిరిగొచ్చేవాడు గోడకు ఫోటో ఎందుకు తీసుకుంటాడు? ఆ పూట మునివెంకటమ్మ సాంబారులో ఉప్పు రెండుసార్లు వేసింది.

చివరికి ఉండబట్టలేక రెబెక్కానే అడిగేసింది. రెబెక్కా కుడుతున్న సంచి పక్కన పెట్టి, మునివెంకటమ్మ చెయ్యి పట్టుకుని, అరవంలో, "దేవుని చిత్తమైతే వస్తాం మునియమ్మా" అంది. వీసా రావాలి, ఖర్చులు భరించే అక్కడి చర్చీలు ఒప్పుకోవాలి అంటూ ఇంకేవో చెప్పింది. మునివెంకటమ్మకు మొదటి మాటకే గుండె జారిపోయింది. కట్టడాల దగ్గర మేస్త్రీ 'దేవుడు చూసుకుంటాడులే' అన్నాడంటే మర్నాడు పని లేదని అర్థం. ఇరవై ఏళ్ళలో ఆ మాట ఒక్కసారీ అబద్ధం కాలేదు.

ప్రయాణం రోజు ఉదయం కారులో పెట్టెలు సర్దుతున్నారు. హన్నా ఈ ఊరొచ్చాక మొదటిసారి బూట్లు తొడుక్కుని, అడుగు తీసి అడుగు వేయలేక నిలబడిపోయింది. రెబెక్కా తాళంచెవి మునివెంకటమ్మ చేతిలో పెట్టి, "మేం బయల్దేరగానే ఇల్లంతా ఊడ్చి, ఫినాయిల్ వేసి శుభ్రంగా కడిగెయ్. తర్వాత తాళం సుబ్బరాయన్ గారికి ఇచ్చెయ్" అంది. సుబ్బరాయన్ ఇంటి యజమాని. అదియమాన్‌కోట్టై పక్క మామిడితోటలున్న రైతు, తెలుగువాడే. ఆరు నెలలూ ఇల్లు ఎవరికీ ఇవ్వనని ఆండ్రూకు మాటిచ్చాడు.

మునివెంకటమ్మ 'సరేమ్మా' అంది గానీ ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. మనిషి గడప దాటగానే ఇల్లు ఊడ్చి కడిగేది ఎప్పుడు? శవం లేచినప్పుడు. ఊరికి పోయినవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరారని తెలిసేదాకా వాళ్ళ వెనకాల చీపురు ముట్టరు. ముడితే వాళ్ళు తిరిగి ఆ గడప తొక్కరు. ఆమె అమ్మ పాటించింది, అత్త పాటించింది. చదువుకున్న తల్లి ఈ మాట ఎలా అనగలిగిందో ఆమెకు పాలుపోలేదు. రానని చెప్పడానికి ఇదొక పద్ధతా?

కారు మలుపు తిరిగింది. ఆమె ఎంగిలి పళ్ళాలు మాత్రం కడిగి, నేల మీద దోసె తునకలు, దారప్పోగులు, సంచుల కత్తిరింపులు ఎలా ఉన్నవి అలాగే వదిలి, తాళం వేసింది. తాళంచెవి కొంగున ముడేసుకుంది. రేపో ఎల్లుండో చేరతారు కదా, అప్పుడు ఊడ్చి యజమానికి ఇచ్చేస్తే సరిపోతుందనుకుంది.

మూడోరోజు రెబెక్కా నుంచి సరణ్య ఫోనుకు వాట్సాప్ వచ్చింది.

"అత్తా, చేరిపోయినారంట! విమానం దిగినారు" అని సరణ్య కేక వేసింది.

మునివెంకటమ్మ చీపురు చంకన పెట్టుకుని వీధి కొసకు వెళ్ళిపోయింది కూడా. సరణ్య వెనకాలే పరుగెత్తింది. "ఉండు అత్తా, ఇంకా ఉండాది. ఎవురో తెలిసినోళ్ళింట్లో దిగినారంట. రెండు దినాలుండి ఇంకో ఊరికి పోతారంట."

"తెలిసినోళ్ళింట్లో దిగితే చేరినట్లు ఎట్ల అవుతాది? దోవలో ఉండారు" అని ఈమె వెనక్కి తిరిగింది.

తర్వాతి వారం ఇంకో ఊరు. ఒక చర్చీలో మాట్లాడారు, సంచులు పంచారు, పాలవ్యాపారం చేసే ఒకాయన ఇంట్లో పడుకున్నారు. ఆ తర్వాత రెబెక్కా వాళ్ళమ్మ ఊరు. ఇదే పుట్టిల్లు, ఇక చేరినట్టే అని మునివెంకటమ్మ మళ్ళీ చీపురు తీసింది. తీరా చూస్తే ఆ ముసలమ్మకు ఒకటే గదట. వీళ్ళు చర్చీ మేడమీద చాపలేసుకుని పడుకున్నారట. అప్పటికి ఏడు ఊర్లు, ఏడు ఇళ్ళు. ప్రతి ఫోటోలోనూ అవే మూడు పెట్టెలు, గోడ మాత్రం వేరే.

"వాళ్ళకు సొంతిల్లు లేదా ఏమి? ఇన్ని ఊర్లు తిరిగేదానికా పోయినారు?" అని ఆమె సరణ్యను నిలదీసింది. సరణ్యకు మాత్రం ఏం తెలుసు? ఫోను తెరలో ఉన్నది చదివి చెప్పడం తప్ప.

ఈలోగా ధర్మపురి ఎండలకు దుమ్ము రేగి కిటికీ సందుల్లోంచి లోపలికి దిగింది. దోసె తునకల చుట్టూ చీమలు చేరాయి, మూలల్లో సాలెగూళ్ళు కట్టాయి. మునివెంకటమ్మ రోజూ వెళ్ళి కుండీలకు నీళ్ళు పోసి, తాళం తీసి, గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూసేది. చీపురు పట్టిన చెయ్యి ఊరుకోదు, మనసు పట్టనివ్వదు. తాను చేస్తున్నది మంచో చెడో ఆమెకే తెలియక, పోయిన దారినే తిరిగొచ్చేది.

జూన్‌లో ఒక రోజు పొద్దున ఆమె నీళ్ళు పోస్తుండగా సుబ్బరాయన్ వచ్చాడు. ఆమె తాళం తీసి ఉంచిన తలుపు తోసి లోపల అడుగు పెట్టి, పాదం ఎత్తి చూసుకున్నాడు.

"ఏమ్మే మునెమ్మా, ఇల్లా ఇది? దయ్యాల కొంపా? కడిగి తాళం ఇయ్యమని నీకు చెప్పినానని ఆయమ్మ నాకూ చెప్పి పోయింది గదా! రెండు నెలలాయ. బ్యాంకు ఆఫీసరొకాయన బాడిగకు అడుగుతా ఉండాడు. మాటిచ్చినాను గదా అని ఊరుకున్నా. ఇల్లు ఇట్ల పాడయ్యేదానికైతే ఆయనకే ఇచ్చేస్తా పో."

మునివెంకటమ్మ చెంబు కింద పెట్టి గుమ్మం దగ్గరికొచ్చింది. వాళ్ళు రావాలని ఊడవకుండా ఉంచితే, ఊడవనందుకే వాళ్ళ ఇల్లు పోయేట్టుంది. ఆమెకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ కలిసి గొంతు పైకి లేచింది.

"ఎట్ల ఊడ్చేది అన్నా? వాళ్ళింకా చేరలేదే! చేరకుండా నేను ఊడిస్తే మల్ల వస్తారా? నీ తల్లి ఊడిచిందా ఎప్పుడైనా?"

సుబ్బరాయన్‌కు తన ఇంటి సంగతి గుర్తొచ్చింది. వాళ్ళమ్మ కూడా ఊడ్చేది కాదు. ఈయన కాలేజీకి సేలం పోతే, చేరానని పక్కింటి ఫోనుకు కబురు వచ్చేదాకా ఆ తల్లి చీపురు అటకెక్కించేది. ఆయన తల గోక్కుని, వరండా మెట్టుమీద కూర్చున్నాడు.

"అది సరి. పోయి రెండు నెలలు గదా, ఇంకా చేరకుండా ఏమి?"

"అదే నాకూ తెలీలే అన్నా. ఒకూరు చేరినారంటారు, మల్ల పెట్టెలు ఎత్తుకుంటారు."

"విమానం దిగితే చేరినట్లే గదా."

"బస్టాండులో దిగితే ఇల్లు చేరినట్లా?"

ఇద్దరు పెద్దమనుషులు, ఒకరు భూస్వామి, ఒకరు పనిమనిషి, వేల మైళ్ళ అవతల ఉన్న కుటుంబం చేరినట్టా చేరనట్టా అని అరగంట తర్జనభర్జన పడ్డారు. తేలలేదు. చివరికి వాళ్ళనే అడిగితే పోలేదా అని సుబ్బరాయన్ సరణ్యను పిలిపించి వీడియో కాల్ చేయించాడు.

తెరమీద హన్నా కనిపించింది. చేతులు పూర్తిగా మునిగిపోయిన ఎవరిదో పెద్ద స్వెట్టరు, చలికి ఎర్రబడ్డ ముక్కు. వెనకాల కొత్త గోడ, అవే పెట్టెలు. ఆ ముఖం చూడగానే మునివెంకటమ్మ అడగాలనుకున్నవన్నీ మరిచిపోయింది. సుబ్బరాయన్ మోచేత్తో పొడిస్తే గుర్తొచ్చింది.

"పాపా, ఇల్లు చేరినారా?"

హన్నా తల అడ్డంగా ఊపింది. "లేదవ్వా. ఇంకా చేరలే. అమ్మకు మీటింగులు ఉండాయి, ఇంకా తొమ్మిది ఊర్లు. అన్నీ అయినంక ఇంటికి వస్తాము."

"ఏ ఇంటికి, తల్లీ?"

ఇదేం ప్రశ్న అన్నట్టు హన్నా ఆమె వంక చూసింది. "మన ఇంటికి. నా గీతలు ఉండే ఇంటికి. అవ్వా, నేను పొడుగైనాను. గీత గీసేదానికి ఇక్కడ గోడ లేదు."

సుబ్బరాయన్ లేచి లోపలికి వెళ్ళాడు. దుమ్ములో అడుగుల గుర్తులు పడుతుంటే వంటింటి గుమ్మం దాకా నడిచి, ఆ నాలుగు గీతలూ వంగి చూశాడు. అక్కడే నిలబడి జేబులోంచి తన ఫోను తీశాడు.

"సారూ, సుబ్బరాయన్ని. ఆ ఇల్లు ఖాళీ లేదు సారూ... లేదు, లేదు. ఇంట్లోవాళ్ళు ఊరికి పోయుండారు, వస్తారు."

మునివెంకటమ్మ ముక్కు చీదుకుని, కొంగు నడుముకు దోపి, తలుపు వెనకనుంచి చీపురు తీసింది. సుబ్బరాయన్ కంగారుపడ్డాడు.

"ఏమ్మే, చేరలేదనింది గదా పాప? ఇప్పుడు ఊడవచ్చునా?"

ఇలాంటప్పుడు ఏం చేయాలో అమ్మా చెప్పలేదు, అత్తా చెప్పలేదు. తనకే తోచింది చెప్పింది.

"పోయినోళ్ళ వెనకాల ఊడవకూడదు అన్నా. ఇది వచ్చేవాళ్ళ ముందర. కాలు కొంచెం పక్కకు పెట్టు."