తల్లికి పడిన సూది

ముద్దనూరు దగ్గరి పల్లెలో గంగులమ్మకు అరవై గొర్రెలు. కొడుకు లోకనాథ్ వాటి వెంట తిరగడం తప్పించుకుని కంప్యూటర్ చదివాడు. ప్రొద్దుటూరులో ఒక చిన్న ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తాడు. పనితనం కంటే పొగరెక్కువని అక్కడ అతనికి పేరు. ఆ పేరు ఊరికే రాలేదు.

మందల వివరాలు ఫోన్లో ఉంచుకునే యాప్ ఒకటి చేయమని ఆఫీసుకు పని వచ్చింది. పక్క కుర్చీలోని శరత్ క్లాస్ పద్ధతిలో రాద్దామన్నాడు. గొర్రె అంటే ఏమేం ఉండాలో ముందే ఒక ఫారం గీసుకోవాలి. ఏ గొర్రె పుట్టినా దానికో కొత్త ఫారం తీయాలి. రంగు, ఈడు, సూదిమందు, అన్ని గడులూ ఖాళీగా మొదలవుతాయి.

లోకనాథ్ పగలబడి నవ్వాడు. "నువ్వు గొర్రెను బొమ్మలో చూసింటావప్పా. మా అమ్మ యాడన్నా ఫారాలు నింపుతాదా? 'ఇది బొల్లిదాని పిల్ల, చెవులొక్కటే నలుపు' అంటాది. అంతే."

ఆ మాటలో తెలివి లేకపోలేదు. ప్రోటోటైప్ పద్ధతి అచ్చం అదే. విడిగా ఫారం ఉండదు. ఉన్న గొర్రెనే ఆధారంగా పెట్టుకుని పిల్లను చేర్చి, తేడా మాత్రం రాస్తే చాలు. రాయని సంగతి అడిగితే తల్లి దగ్గరున్న జవాబే పిల్ల జవాబవుతుంది. తల్లి మేత మార్చి రాస్తే పిల్లలన్నిటికీ మారుతుంది. దేనికది వేరుగా ఉండే మందకు, రాయడానికి ఓపిక లేని మనుషులకు అంతకంటే హాయి లేదు. యాప్ పది రోజుల్లో తయారైంది. మొదట ఎక్కించింది వాళ్ళమ్మ మందనే.

వానలకు ముందు లేత పచ్చిక మేసినవాటిని పూటలో చంపే చిటుక రోగానికి సూది వేయించాలి. నాలుగు ముసలివి తప్ప పెద్ద గొర్రెలకు నెల కిందటే అయింది. అప్పటికి పిల్లలు మరీ చిన్నవి. ఇప్పుడు మిగిలినవాటి కోసం సూదులేసే జియావుల్లా మందు పెట్టెతో వచ్చాడు. లోకనాథ్ ఫోన్ తెరిచి సూది పడనివాటిని చూపించాడు. ఆ నాలుగు ముసలి గొర్రెలే ఉన్నాయి. పిల్ల ఒక్కటీ లేదు.

"పిల్లలకు ఏయలేదు కదరా," అంది గంగులమ్మ.

"ఏసినట్లే ఉండాది మా. నువ్వు మర్చిపోయింటావు."

"ఒక్కొక్కదాన్ని పట్టుకునేది నేనే కదా నాయనా, నాకు తెలీదా?"

"నీకు వయసైపాయ. నీ మతిని నమ్ముకుంటే అయినట్లే! జియావుల్లన్నా, ఏసినవాటికే మళ్లా ఏంది? ఆ నాలుగింటికీ ఏసి పెట్టె మూసెయ్."

నలుగురి ముందర అన్న మాట. జియావుల్లా ఆమె వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది. అతను ముసలివాటికి సూది వేసి, పెట్టె మూసుకుని ఎర్రగుంట్ల దారి పట్టాడు.

వాన పడింది. లేత పచ్చిక మొలిచింది. పొద్దున గంతులేసిన పిల్ల మధ్యాహ్నానికి కాళ్లు చాచేది. నాలుగు రోజుల్లో ఇరవై ఏడు పిల్లల్లో ఇరవై అయిదు పోయాయి.

కబురు విని వచ్చిన లోకనాథ్ గడపలో కూర్చుని ప్రోగ్రాం తెరిచాడు. తప్పు దొరకడానికి నిమిషం పట్టలేదు. పిల్లలకు సూది గడి అంటూ సొంతానికి లేదు. అడిగిన ప్రతిసారీ తల్లి దగ్గరి 'పడింది' వచ్చి నిలబడింది. రంగు తల్లిని చూసి చెప్పొచ్చు, సూది చెప్పకూడదు. శరత్ చెప్పిన ఖాళీ గడి కావలసింది ఇక్కడే. ఒక్క వరుస మార్చాడు. యాప్ భేషుగ్గా పనిచేసింది. చచ్చిన పిల్లలన్నీ సూది పడనివాటి జాబితాలో వరసగా వచ్చాయి.

ఫోన్ గడప మీద పెట్టి లేచాడు. పెరట్లో పిల్లలను పూడ్చిన గుంత మీద సున్నం చల్లుతున్న తల్లి దగ్గరికి పోయాడు.

"మా, తప్పు నాది. నీకు బాగానే గుర్తుండాది."

గంగులమ్మ చెయ్యి ఆపలేదు.

"మొదటిది పడిపోయిన దినమే జియావుల్లాను పిలుద్దామనుకుంటిరా. మిగతావాటికన్నా ఏసుండేవాడు. నువ్వన్నట్లు నాకే మతి పోయిందేమో, సూది పడినా సస్తాండాయి, ఇంక పిలిచి ఏం లాభమని ఊరుకుంటి."