మిర్చి నడుమ ఫుట్‌బాల్

నా చిన్నప్పుడు మా ఇంటి వెనక ఉన్న డిగ్రీ కాలేజీ గ్రౌండు ఏడాది పొడవునా గ్రౌండుగా ఉండేది కాదు. మహబూబాబాద్ చుట్టుపక్కల మిర్చి ఏరడం మొదలైందంటే, మళ్లీ ఎండలు ముదిరేదాకా అది కల్లం. చేలల్లో చోటు చాలని రైతులు కాయను తెచ్చి అక్కడ ఆరబోసేవారు. ఎవరూ కాలేజీవాళ్లను అడిగేవారు కాదు, కాలేజీవాళ్లూ వద్దనేవారు కాదు. ఎవరి చోటు ఎక్కడో అందరికీ తెలుసు. గాలి మా బడి వైపు తిరిగిన రోజున తరగతి గదిలో పిల్లలం, పంతులు అందరం కలిసి తుమ్మేవాళ్లం.

ఆ గ్రౌండులో సగానికి పైగా మా తాతయ్య మిర్చే ఉండేది. మా చిన్నాన్న అదే కాలేజీలో చివరి ఏడాది చదువుతూ ఫుట్‌బాల్ టీంలో ముందు వరసలో ఆడేవాడు. తండ్రి కాయ ఎండబెట్టిన చోటే కొడుకు ఆడుకోవాలి. ప్రతి ఏడూ ఈ పేచీ ఒకే రకంగా తేలేది. మిర్చి వచ్చేది, ఆట ఆగేది. కాలేజీల మధ్య పోటీలు సరిగ్గా ఆ రోజుల్లోనే జరిగేవి కాబట్టి మావాళ్లు అలవాటు తప్పిన కాళ్లతో వెళ్లి ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండానే తిరిగి వచ్చేవారు. ఆ కాలేజీ కప్పు గెలిచిందన్న మాట ఎవరూ ఎరగరు. మా చిన్నాన్నకు మాత్రం ఆ ఏడాది తప్పితే మరో అవకాశం లేదు. డిగ్రీ అయిపోగానే బంతి అటక మీద పెట్టి వ్యవసాయమో ఉద్యోగమో చూసుకోవాలని తాతయ్య ముందే తేల్చి చెప్పాడు.

ఆ ఏడాది కాలేజీకి కొత్త పీడీ సార్ వచ్చాడు. పీడీ అంటే ఆటలు నేర్పే ఆయన. రాగానే గ్రౌండు చూసి ఆయన కోప్పడలేదు. కల్లం దగ్గర మంచం వేసుకుని కావలి కూర్చునే మా తాతయ్య దగ్గరకు వచ్చి, ఆ మంచం కోడు దగ్గరే కూర్చున్నాడు. పంట గురించి, తెగుళ్ల గురించి అడిగాడు. రెండోసారి వచ్చినప్పుడు గానీ ఆట మాట ఎత్తలేదు.

నేను ఇప్పుడు చెల్పూర్ దగ్గర కరెంటు ప్లాంటులో ఇంజనీరుగా పని చేస్తున్నాను. ఏ విషయమైనా వరసలో పెట్టి చెప్పడం ఈ ఉద్యోగంతో వచ్చిన అలవాటు. అందుకని వాళ్లిద్దరూ కుదుర్చుకున్న ఒప్పందాన్ని కూడా అలాగే చెబుతాను. మొదటిది, మిర్చిని గ్రౌండంతా పరచకుండా మడులుగా పోయాలి, మడికీ మడికీ మధ్య బాటలు వదలాలి. రెండోది, టీం ఆ బాటల్లోనే ఆడుకోవాలి, బంతిని నేల విడిచి లేపకూడదు. మూడోది, బంతి ఎవరి కాలి నుంచి మిర్చిలో పడితే వాడు ఆ సాయంత్రం ఆట మాని ఆడవాళ్లతో కూర్చుని తాలు ఏరాలి. తాలు అంటే ఎండలో రంగు విరిగి తెల్లబడిన కాయ. దాన్ని వేరు చేయకపోతే మంచి కాయకు కూడా ధర రాదు.

నాలుగోది ఒప్పందంలో లేదు. అది మా తాతయ్య టీం మొత్తాన్ని నిలబెట్టి చెప్పిన మాట. ఎండిన కాయ మీద కాలు పడితే పలిగి గింజ రాలుతుంది, గింజ రాలిన కాయను ఎవరూ కొనరు. అది వివరంగా చెప్పి, చివర కర్ర నేలకు తాటించి, “మిర్చిల ఎవని కాలన్న పడ్డదో, వాడు మల్ల గీ గ్రౌండుల అడుగు వెట్టొద్దు. నా కొడుకైనా గంతే” అన్నాడు. మా తాతయ్య అరిచే మనిషి కాదు. అందుకని ఆ మాట అందరికీ గట్టిగా నాటుకుంది.

ఇక రోజూ బడి వదలగానే నేను కల్లానికే వెళ్లేవాణ్ని. మా నాయనమ్మ అక్కడే తాలు ఏరుతూ ఉండేది. టీం కెప్టెన్ కురవి రోడ్డు మీది ఒక తండా నుంచి వచ్చేవాడు. వాళ్లమ్మ కూడా మా కల్లంలోనే పనికి వచ్చేది. తల్లీకొడుకులు వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వుకునేవారు. మొదటి వారంలో తాలు ఏరే వంతు ఎక్కువగా మా చిన్నాన్నదే. అతనికి బంతిని ఎత్తి దూరంగా కొట్టడమే వచ్చు. అతను తల వంచుకుని ఆడవాళ్ల వరసలో కూర్చుంటే కెప్టెన్ వాళ్లమ్మ, “కాళ్లు చూపిచ్చుడు అయింది గని, జర చేతులు గూడ చూపియ్యి బిడ్డా” అనేది. మా నాయనమ్మ ఇంకో మాట కలిపేది: “ఇగ వీనికి పెండ్లి చేసుడు దండుగ. కోడలి పని వీడే చేస్తున్నడు.”

అలా నవ్వుల పాలై పాలై వాళ్లు బంతిని నేల మీద నడిపించడం నేర్చుకున్నారు. ఇరుకు బాటలో పక్కవాడి కాలికి అందించి, మలుపులో మళ్లీ తీసుకుని, ముగ్గురు నలుగురు ఒకే దారంతో కట్టినట్టు కదిలేవారు. బంతి మిర్చిలో పడటం తగ్గింది, తరవాత దాదాపు ఆగిపోయింది. పోటీలు మొదలయ్యాయి. మొదటి మ్యాచ్ జనగామలో, ఒక బడి గ్రౌండులో. చిన్న గ్రౌండు కావడంతో అక్కడ మావాళ్ల ఇరుకు ఆటే పనికొచ్చింది. గెలిచారు. తరవాతి మ్యాచ్ కూడా అలాంటి చోటే పడింది. అదీ గెలిచారు. మిర్చి వల్లే ఇంత బాగా ఆడుతున్నారని మహబూబాబాద్‌లో చెప్పుకున్నారు. తాతయ్యకు ఆ మాట చేరి, మీసం కింద కొంచెం నవ్వుకోవడం నేను చూశాను.

మూడో మ్యాచ్ భూపాలపల్లిలో, అక్కడి కాలేజీ టీంతో. మా మేనత్తను టేకుమట్లలో ఇచ్చారు. ఆమెను చూడటానికి వెళ్తూ తాతయ్య నన్ను వెంట తీసుకుని దారిలో ఆ మ్యాచ్ దగ్గర ఆగాడు. కొడుకు ఆడే మ్యాచ్‌ను ఆయన చూడటం అదే మొదటిసారి. అది పెద్ద గ్రౌండు. చివర నిలబడినవాడి మొహం కూడా పోల్చుకోలేనంత విశాలంగా ఉంది. మిర్చి లేదు, బాటలు లేవు, అంతా ఖాళీ.

ఆ ఖాళీలోనే మావాళ్లు ఓడిపోయారు. రెండు గోల్స్ పడ్డాయి, ఒక్కటీ తిరిగి వేయలేదు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు కానీ ఒకటి మాత్రం కనిపించింది. మా చిన్నాన్న బంతి తీసుకుని బాగానే పరుగెత్తుతాడు. ఎదురుగా ఒక్క మనిషి కూడా ఉండడు. అయినా నాలుగడుగులు వేసి, అక్కడేదో గట్టు అడ్డం ఉన్నట్టు పక్కకు తిరిగేస్తాడు. అతనొక్కడే కాదు, అందరూ అంతే. పీడీ సార్ గీత బయట నిలబడి లోపలికి ఉరకమని గొంతు పోయేలా అరిచాడు. వాళ్లు తల ఊపేవారు, మళ్లీ పక్కకే తిరిగేవారు.

మ్యాచ్ అయ్యాక సార్ వాళ్లను కూర్చోబెట్టాడు. “గీడ ఎవల మిర్చి ఉన్నదిరా, తొక్కుతమని అంత భయపడుతున్నరు?” అని అడిగాడు. కెప్టెన్ తన కాళ్లను చూసుకుంటూ, లేదని తెలుసు సార్, కాలు పోతలేదు అని మాత్రం అన్నాడు. మేం కొంచెం దూరంలోనే ఉన్నాం. తాతయ్య ఆ మాట విన్నాడు. టేకుమట్ల బస్సులో మేనత్త ఊరు వచ్చేదాకా కిటికీ వైపు తిరిగే కూర్చున్నాడు.

ముందు గెలిచిన రెండు మ్యాచ్‌ల వల్ల ఫైనల్ అవకాశం పోలేదు. ఫైనల్ మళ్లీ భూపాలపల్లి టీంతోనే. జనగామలోనే గానీ ఈసారి చిన్న గ్రౌండు కాదు, భూపాలపల్లిదంత పెద్దదే. మధ్యలో కొద్ది రోజులే గడువు. పీడీ సార్ సున్నంతో గీతలు గీసి చూపించాడు. మడుల అంచున నిలబడి, ఇక్కడ మిర్చి లేదనుకుని ఆలోచించండి అని చెప్పాడు. మిర్చి కళ్ల ముందే ఉంటే లేదని ఎలా అనుకుంటారు? ఇంట్లో చిన్నాన్న ఒక పూట అన్నం ముందు, నాలుగు రోజులు కాయ ఎత్తేస్తే గ్రౌండంతా ఆడుకుంటామని నసిగాడు. తాతయ్య తినడం ఆపి, పచ్చి ఆరని కాయ బస్తాల్లోకి ఎత్తితే లోపల నల్లబడి ఏడాది కష్టమంతా పెంటకుప్పకు పోతుందని చెప్పాడు. అది నిజమే. చిన్నాన్నకూ తెలుసు. కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే తాతయ్య నన్ను పంపి టీం మొత్తాన్ని కల్లానికి పిలిపించాడు. పీడీ సార్ కూడా కంగారుగా వచ్చాడు, ఇక ఆడనివ్వనని చెప్పడానికే పిలిచాడేమో అనుకుంటూ. ఇంకా ఎండ ఎక్కలేదు. మిర్చి మీద మంచు తడి ఉంది. తాతయ్య చెప్పులు విడిచి, పంచె పైకి దోపుకుని, మడిలోకి అడుగు పెట్టాడు. అడుగు ఎత్తకుండా నేలకు ఈడుస్తూ నడిచాడు. ఆయన కాళ్ల వెంట కాయ అడుగుది పైకి, పైది అడుగుకి తిరుగుతూ వచ్చింది. కాయను తిరగేయడం రోజూ జరిగే పనే. మంచుకు మెత్తబడిన కాయ పొద్దున కాలి కింద పలగదు. అందుకే ఆ పని పొద్దునే చేస్తారు. కానీ టీం వాళ్లు వచ్చేది ఎండకు కాయ గలగలలాడే సాయంత్రం. వాళ్లకు ఆ వేళ కల్లం తెలియదు.

మధ్య దాకా వెళ్లి వెనక్కి తిరిగి, తాతయ్య చిన్నాన్నను రమ్మన్నాడు. చిన్నాన్న అంచున నిలబడ్డాడు. రైతు కొడుకే, తను కూడా ఎన్నో పొద్దులు కాయ తిరగేసినవాడే. అయినా ఆ రోజు కాలు లేవలేదు. సార్ వెనక నుంచి పో పో అంటున్నాడు. చిన్నాన్న సార్ వైపు చూడలేదు. తాతయ్యనే చూస్తున్నాడు.

తాతయ్య తిరిగి వచ్చాడు. కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. “వద్దన్నోన్ని నేనే గద. ఇప్పుడు నేనే అంటున్న. ఉరుకు, బిడ్డా” అన్నాడు.

చెయ్యి పట్టుకుని నాలుగడుగులు తీసుకెళ్లి వదిలాడు. చిన్నాన్న మొదట నడిచాడు, తరవాత పరుగు అందుకున్నాడు. వెనకే కెప్టెన్ దిగాడు, ఆ వెనక అందరూ. కాసేపటికి మడులు లేవు, బాటలు లేవు. మా కాయంతా ఒక్కటిగా కలిసిపోయింది. అప్పుడు తాతయ్య సార్ చేతిలోంచి బంతి తీసుకుని, తనే నడిమధ్యకు విసిరేశాడు. ఎక్కడో ఒక కాయ చిట్లింది. అందరూ ఆగిపోయారు. ఆయన వంగి ఆ కాయ ఏరి కండువా కొసన కట్టుకుని, “పలిగినయి మేం కూరల ఏసుకుంటం. మీరు ఆడుండ్రి” అన్నాడు. కాయ తిరగేసే పని ఆ పూట కూలి లేకుండానే అయిపోయిందని కెప్టెన్ వాళ్లమ్మ మా నాయనమ్మతో అంటే ఇద్దరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఫైనల్ దాకా పొద్దునపూట ఆట అలాగే సాగింది. దానికి ఫలితం వాళ్ల అరికాళ్లు అనుభవించాయి. వట్టి కాళ్లతో మిర్చిలో పరుగెత్తితే మంట సాయంత్రం దాకా దిగదు. మా చిన్నాన్న మజ్జిగ గిన్నెలో పాదాలు పెట్టుకుని చదువుకునేవాడు. క్లాసులో మా టీం వాళ్లంతా చెప్పులు విప్పి కాళ్లు ఊపుకుంటూ కూర్చుంటే, పాఠం చెప్పే మేడం పరేషాన్ అయి పీడీ సార్‌ను పిలిపించిందట.

ఫైనల్‌కు వెళ్లే బండిలో నన్ను కూడా ఎక్కించుకున్నారు. తాతయ్య రాలేదు. ఆ రోజే కాయ బస్తాలకు ఎత్తుతున్నారు. జనగామ గ్రౌండులో మొదటి సగం భూపాలపల్లి వాళ్లే ఒక గోల్ ముందున్నారు. రెండో సగంలో కెప్టెన్ సమం చేశాడు. ఆట ముగిసే ముందు బంతి చిన్నాన్నకు అందింది. ఎదురుగా మునుపటిలాగే పెద్ద ఖాళీ. అతను తిరగలేదు. నేరుగా ఆ ఖాళీలోకి వెళ్లిపోయాడు. అవతలి వాళ్లు కూడా అతను పక్కకు తిరుగుతాడనే అనుకున్నారేమో, పక్కన కాచుకుని ఉన్నారు. గోల్ కీపర్ ఒక్కడే మిగిలాడు. చిన్నాన్న బంతిని ఎత్తలేదు, నేల మీదే నెట్టాడు. కప్పు మాది అయింది.

తిరిగి వచ్చేసరికి తాతయ్య బస్తాలో నిలబడి కాయ తొక్కుతున్నాడు. బస్తా నిండుగా రావాలంటే, కాయ పలగకుండా కొద్దిగా నీళ్లు చిలకరించి, మనిషి లోపల నిలబడి తొక్కాలి. టీం అంతా అరుచుకుంటూ కప్పు తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఆయన దాన్ని ఒకసారి చూసి, కొడుకునే అడిగాడు. “నడుమల నుంచి ఉరికినవా?”

“ఉరికిన, బాపు” అన్నాడు చిన్నాన్న. తాతయ్య తల ఊపి మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

మిర్చి మావాళ్ల ఆటకు చేసిన మేలు గురించే ఆ రోజుల్లో అందరూ మాట్లాడుకున్నారు. నాకు మిగిలింది మాత్రం వేరు. సార్ ఎంత అరిచినా కదలని కాళ్లు తాతయ్య ఒక్క మాటకు కదిలాయి. సార్ మాటకు విలువ లేక కాదు. వద్దన్నది ఆయన కాదు గనక. వద్దు అని చెప్పినవాడే వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోవాలి. లేకపోతే దాని అవసరం తీరిపోయాక కూడా అది మనిషి కాళ్లలో ఉండిపోతుంది.

నా ఉద్యోగంలో వద్దు అనే మాట రోజూ చెప్పాలి. ఈ వాల్వు ముట్టుకోవద్దు, ఆ మెట్ల మీదుగా వెళ్లొద్దు, నేను చెప్పేదాకా ఈ ప్యానెల్ తెరవొద్దు. కొత్తగా చేరినవాళ్లు భయంతో వింటారు, వినాలి కూడా. మరమ్మతు ముగిశాక అడ్డంగా కట్టిన తాడు ఎవరో ఒకరు విప్పేస్తారు, బోర్డు తీసేస్తారు. నేను దానితో సరిపెట్టుకోను. ఎవరికి వద్దని చెప్పానో వాళ్లను వెతుక్కుంటూ వెళ్తాను. ఫోన్‌లో చెప్పను, ఇంకొకరితో కబురు పంపను. ఇప్పుడు వెళ్లొచ్చు అని చెప్పి, ఆ మెట్లు ముందు నేనే ఎక్కుతాను.